డబ్బా పేరుకు ఎంత? నూనెకు ఎంత?

ఎద్దుబండి తోలిన రోజుల్లో ఇరుసుకు కందెన పెట్టేవాళ్లం. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపితే అయ్యేదే కందెన. దానికి బ్రాండు లేదు, ప్రకటన లేదు, క్రికెట్ ఆటగాడు లేడు. చక్రం కీచుమంటే పెట్టాలె, అంతే. మన చేతుల్తో కలుపుకున్నం కాబట్టి అందులో ఏముందో మనకు ఎరుకే.

ఇప్పుడు బండి జాగాలో ఆటో వచ్చింది, ట్రాక్టరు వచ్చింది. కందెన జాగాలో డబ్బా ఆయిల్ వచ్చింది. ఆ డబ్బాలో ఏముందో మనకు తెలవదు. డబ్బా మీద పేరు మాత్రం చిన్న పిల్లగాణ్ణి అడిగినా చెప్తడు. టీవీలో చూసిండు గదా!

ఆముదం మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. క్యాస్ట్రాల్ అనే పేరు ఎక్కడిది? 1899లో లండన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే వ్యాపారి ఆయిల్ కంపెనీ పెట్టిండు. తొలినాటి మోటారు కార్లకు, విమానాలకు తట్టుకునే నూనె కావాలని అందులో ఆముదం కలిపిండ్రు. ఇంగ్లీషులో ఆముదాన్ని క్యాస్టర్ ఆయిల్ అంటరు. దాని మీదనే 1909లో క్యాస్ట్రాల్ అనే పేరు పుట్టింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో ఆముదాలు పండించిన తాతలకు మనవలం మనం. ఆ ఆముదం పేరే ఇంగ్లీషులో రాసి ఇస్తే ఎక్కువ డబ్బులు పెట్టి కొంటున్నం. మన బండ్లల్లో పోసే రకంలో ఇప్పుడు ఆముదం లేదనుకోండి, అది వేరే సంగతి. ఆ కంపెనీ నూనె చెడ్డదని మేము అనడం లేదు. మా ప్రశ్న నూనె మీద కాదు, పేరుకు కడుతున్న కిరాయి మీద.

మా ఆటో స్టాండులో ఒక తమ్ముడున్నడు. ఫైనాన్సు మీద ఆటో తీసిండు. "ఊరూ పేరూ లేని ఆయిల్ నా బండ్లె పొయ్యద్దు" అని మెకానిక్‌తో కొట్లాడి, పేరున్న డబ్బానే కొని పోయించేటోడు. ఒకనాడు నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేసింది. విప్పి చూస్తే రింగులు అరిగినయి, పిస్టన్ గీసుకపోయింది, అడుగున మడ్డి. డబ్బా అసలుదే, లోపలిది మాత్రం వాడేసిన నల్ల ఆయిల్‌ను వడగట్టి రంగు కలిపిన సరుకని మెకానిక్ తేల్చిండు. బోరు పని అయ్యేదాకా పది రోజులు ఆటో నిలబడ్డది. ఫైనాన్సువాడు పది రోజులు ఆగుతడా?

మాకు ఆనాడు తట్టిన సంగతి ఇది. దొంగ సరుకు చేసేవాడు చిన్న కంపెనీ డబ్బాను ఎందుకు పట్టుకుంటడు? ఎవరూ అడగని పేరును నకిలీ చేస్తే వానికి ఏమొస్తది? పేరున్న ఖాళీ డబ్బాకే గిరాకీ. మెకానిక్ షెడ్డు వెనకాల చెత్తలో పడేసిన ఖాళీ డబ్బాలను పైసలిచ్చి ఎవరు కొనుక్కపోతున్నరో ఒకసారి కాపలా కాసి చూడండి. పేరు మీద నమ్మకం ఎంత పెరిగితే ఆ పేరుతో మోసం చేయడం అంత సులువైతది. అంతమాత్రాన చిన్న కంపెనీలన్నీ సత్యహరిశ్చంద్రులని కాదు. కొందరు నకిలీవాడి అవసరం లేకుండా సొంత డబ్బాలోనే సొంత మోసం పోస్తున్నరు. అందుకే పెద్దపేరా చిన్నపేరా అని కాకుండా, లోపలిదేమిటని అడగాలె.

లోపల ఉండేది రెండే. ఎక్కువ భాగం ముడిచమురు నుంచి తీసిన బేస్ ఆయిల్. మిగిలిన కొద్ది భాగం మందులు. అరుగుదల తగ్గించడానికి, మసి పేరుకోకుండా కడగడానికి, వేడికి పలచబడకుండా ఉండడానికి వేసేవి. బేస్ ఆయిల్ హల్దియా, చెన్నై, ముంబయి రిఫైనరీల్లో తయారైతది, చాలినంత లేక విదేశాల నుంచి కూడా వస్తది. మందుల సంగతి ఇంకా విచిత్రం. ప్రపంచం మొత్తానికి వీటిని అమ్మే పెద్ద కంపెనీలు నాలుగే: లూబ్రిజాల్, ఇన్ఫినియం, ఆఫ్టన్, షెవ్రాన్ ఒరొనైట్. పెద్ద బ్రాండ్లు చాలావరకు ఆ నాలుగు అంగళ్లకే పోతయి, చిన్న బ్రాండువాడూ అక్కడికే పోయి కొనుక్కోవచ్చు. కొలత ప్రకారం కలిపితే ఇద్దరి నూనె దాదాపు ఒకటే. ఇంకో మాట. బండి కంపెనీలు తమ పేరుతో 'అసలైన ఆయిల్' అని అమ్మేవి కూడా చాలావరకు వేరే ఆయిల్ కంపెనీలు నింపి ఇచ్చినవే. నూనె ఒక చోట పుడుతది, పేరు ఇంకో చోట పెడతరు.

మరి పెద్ద పేరు ఎట్లా పెద్దదైంది? చాలా ఏళ్లు ఈ దేశంలో ఇంజన్ ఆయిల్ అంటే ప్రభుత్వ కంపెనీలదే పెత్తనం. ఇండియన్ ఆయిల్ వాళ్ల సర్వో, హిందుస్తాన్ పెట్రోలియం, భారత్ పెట్రోలియం సరుకులు. బంకులు వాళ్లవి, బంకులో బీరువా వాళ్లది. ఇప్పటికీ బంకులో సాధారణంగా ఆ కంపెనీ డబ్బానే దొరుకుతది. క్యాస్ట్రాల్‌కు బంకు లేదు. అందుకని అది బంకు దాటి స్పేర్ పార్ట్స్ దుకాణాలకు, మెకానిక్ షెడ్లకు పోయింది. గోడలకు రంగులేసింది, క్రికెట్‌లో దిగింది. 1990ల మొదట్లో ప్రభుత్వం ఈ వ్యాపారాన్ని వదులు చేసినంక షెల్, మొబిల్, గల్ఫ్ వంటి విదేశీ పేర్లు వరసకట్టినయి. అందరూ క్రికెట్ ఆటగాళ్ల వెంట, సినిమా యాక్టర్ల వెంట పడ్డరు. వాళ్లకిచ్చే లక్షలు, కోట్లు ఎవరి జేబులోవి? లీటరు లీటరుకూ మన దగ్గర వసూలు చేసినవే.

పేరుకున్న విలువ ఎంతటిదో చూడండి. కలకత్తాలోని టైడ్ వాటర్ ఆయిల్ కంపెనీ ఎన్నో ఏళ్లు వీడాల్ అనే పాత అమెరికా పేరుతో ఇక్కడ ఆయిల్ అమ్మింది. ఆ పేరు మాత్రం క్యాస్ట్రాల్ చేతిలో, క్యాస్ట్రాల్ 2000 నుంచి బ్రిటిష్ పెట్రోలియం చేతిలో. చివరికి 2011లో ఆ పేరును ప్రపంచం మొత్తానికి తామే కొనేసుకున్నరు. వాళ్లు కొన్నది బావిని కాదు, రిఫైనరీని కాదు. పేరును.

పేరు కొనే తాహతు లేని చిన్న కంపెనీ ఏం చేస్తది? నాలుగైదు జిల్లాల్లో తిరుగుతది. దుకాణదారుకు ఉద్దెర ఇస్తది. లీటరు మీద ఎక్కువ మిగులు చూపిస్తది. మెకానిక్‌కు మూతలో కూపన్ పెడతది, పది మూతలకు ఒక గడియారమో, గోడ కాలెండరో ఇస్తది. టీవీకి పెట్టలేని ఖర్చును షెడ్డులో పెడతది. మెకానిక్ "ఇది మంచిదన్నా" అంటే చాలు, ఆ మాటకు టీవీ ప్రకటన కంటే ఎక్కువ బలం. ఇంకొందరు పెద్ద కంపెనీ డబ్బా రంగునే, అక్షరాల వంపునే కాపీ కొట్టి చదువు రానివాళ్లను బోల్తా కొట్టిస్తరు. వీళ్లను మేము చిన్న వ్యాపారులని జాలిపడం.

కమీషన్ దారి మీద మాకు కోపమెందుకంటే, చిన్న కంపెనీ చవకగా చేసిన నూనె ఆ చవక డ్రైవరు దాకా రాదు. ప్రకటనల ఖర్చు లేదు కాబట్టి మిగిలిన డబ్బు దుకాణంలో కొంత, షెడ్డులో కొంత ఆగిపోతది. డ్రైవరు పెద్ద పేరు కంటే పదో ఇరవయ్యో తక్కువిచ్చి, ఏదో గొప్ప లాభం చేసుకున్ననని ఇంటికి పోతడు. మెకానిక్‌ను తిట్టడం కూడా మాకు ఇష్టం లేదు. నెల జీతం లేదు, పింఛను లేదు, చేతులకు నలుపు ఎన్నటికీ పోదు. మన వాడల పిల్లలే ఆ షెడ్లల్లో స్పానర్లు అందిస్తున్నరు. కూపన్ వానికి కూలీలో భాగమైపోయింది. కానీ ఆ కూలీ డ్రైవరు ఇంజన్‌లోనుంచి రాకూడదు గదా.

అయితే డ్రైవరు ఏం చూడాలె? డబ్బా ముందర బొమ్మను కాదు, వెనక చిన్న అక్షరాలను. 20డబ్ల్యు-40 అనేది చిక్కదనం లెక్క, చలికి ఎంత, వేడికి ఎంత అని. అది మీ బండి పుస్తకంలో ఏం రాసి ఉంటే అదే కావాలె. ఎపిఐ అని ఉండి పక్కన ఎస్ అక్షరంతో మొదలైతే పెట్రోలు బండికి, సి అక్షరంతో మొదలైతే డీజిల్ బండికి. ఎస్ఎల్ 2001ది, ఎస్ఎన్ 2010ది, ఎస్‌పి 2020ది. రెండో అక్షరం ముందుకు జరిగినకొద్దీ కొత్త రకం. మోటారు సైకిల్‌కు జాసో ఎంఎ అని కూడా ఉండాలె, ఎందుకంటే దాని క్లచ్చు సాధారణంగా అదే నూనెలో మునిగి ఉంటది. కారు ఆయిల్ పోస్తే క్లచ్చు జారొచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లల్లో పొగ జల్లెడ ఉన్నవాటికి బూడిద తక్కువ మిగిలే ఆయిలే పొయ్యాలె. అక్కడ చవక చూసుకొని పాత సిఎఫ్-4 రకం పోస్తే జల్లెడ మూసుకపోతది. ఆ ఖర్చు ముందు డబ్బా ధర ఎంత?

'ఎపిఐ ప్రకారం' అని ఎవడైనా అచ్చేసుకోవచ్చు. ఎపిఐ వాళ్ల గుండ్రటి ముద్ర మాత్రం లైసెన్సు తీసుకున్నవాళ్లకే. తయారు చేసినవాడి పూర్తి చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర డబ్బా మీద ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెప్తున్నయి. చిరునామా లేని డబ్బాను ముట్టుకోవద్దు. మూత మన కళ్ల ముందర తీయించాలె. ఆయిల్ పోసినంక ఖాళీ డబ్బాకు మనమే స్క్రూడ్రైవర్‌తో రెండు బొక్కలు పొడవాలె. మెకానిక్ ఏమన్నా అనుకుంటడని మొగమాటపడొద్దు.

చిన్న కంపెనీ నిజాయితీగా పోటీ చేసే దారి ఒకటి టెండరు. టెండరులో ఆటగాడి బొమ్మకు మార్కుల్లేవు, నూనె లెక్కలకే ఉన్నయి. 2012లో కేంద్రం తెచ్చిన కొనుగోలు విధానంలో, ప్రభుత్వ రంగ సంస్థలు చిన్న పరిశ్రమల నుంచి 20 శాతం కొనాలన్నరు, మొత్తంలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల పరిశ్రమలకు అన్నరు. 2018లో ఆ 20 కాస్తా 25 అయింది. మన 4 మాత్రం 4గానే ఉండిపోయింది. ఆ నాలుగైనా నింపుతున్నరా అని ఏ సంస్థనైనా సమాచార హక్కు కింద అడగవచ్చు. మన పిల్లల్లో ఎవరైనా ఆయిల్ కలిపే యూనిట్ పెట్టాలనుకుంటే, గోడ రాతల ఖర్చు కంటే ముందు ఈ దారి చూసుకోవాలని మా సలహా.

ఇంకో దారి మన చేతిలో ఉంది. ఆయిల్ 210 లీటర్ల డ్రమ్ముల్లో కూడా అమ్ముతరు. ఒక స్టాండులో ఒకే రకం ఆటోలు నలభై ఉన్నయనుకోండి. అందరూ కలిసి ఒక చిన్న కంపెనీని పిలిచి, "కూపన్లు మాకొద్దు, గడియారాలు వద్దు, ఈ గ్రేడు కావాలె, ఈ బ్యాచి పరీక్ష కాగితం తెచ్చి చూపించు, కమీషన్ డబ్బు ధరలో తగ్గించు" అని అడిగితే కాదంటడా? పరీక్ష కాగితంలో వంద డిగ్రీల దగ్గర చిక్కదనం ఎంతో ఉంటది. 40 గ్రేడుకు అది 12.5 నుంచి 16.3 లోపల ఉండాలె. దీన్ని చదవడానికి ఇంజనీరు అక్కరలేదు, పదో తరగతి చదివిన పిల్ల చాలు. అనుమానమొస్తే ఒక సీసా తీసి వేరే ప్రయోగశాలకు పంపవచ్చు. ఒక్క ఆటోవాడు ఆ ఖర్చు భరించలేడు, నలభై మంది భరించగలరు.

మొన్న మా స్టాండులో ఈ మాట పెడితే అందరూ తలలూపిండ్రు. తర్వాత గొడవ మొదలైంది. డ్రమ్ము ఎవరింట్లో పెట్టాలె? తాళం ఎవరి దగ్గర? ఎవరు ఎంత పోయించుకున్నరో రాసేదెవరు? ఉద్దెర ఇయ్యాల్నా వద్దా? ఇంజన్ పట్టేసిన తమ్ముడు, "తాళాలు రెండు పెట్టుండ్రి, ఒకటి నాకియ్యుండ్రి" అన్నడు. మెకానిక్ అన్న కూడా వచ్చి కూసున్నడు. పోసే కూలీ బండికింత అని ముందే మాట్లాడితే కూపన్ల జోలికి పోనన్నడు. కూలీ ఎంతనేది ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం మళ్లీ కూసుంటున్నం.