చక్రములపై నిల్లు

జర్మనీలో 1950 నుండి తయారైన ఫోక్స్‌వాగన్ వ్యానులలో కొన్నింటికి పడక, పొయ్యి అమర్చి ఇండ్లుగా మార్చుకొనిరి. ఆ పాతబండ్లలో నేటికిని కొందరు దేశములు తిరుగుచున్నారు. వేడుకయే, కాని నీరు వెంట తెచ్చుకొన్నవాడు ఊరిబావికడ కేల పోవును? నీటితొట్టి లేని బండియే మేలని నా మతము.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, అహోబిలము, శ్రీశైలముల మీదుగా కాశికేగి, 1831 సెప్టెంబరు 3న మరలివచ్చిరి. వెంట డేరాలున్నను ఊరూర విచారించి, అచ్చటి వసతులను, జనుల నడవడిని వ్రాసికొనిరి. అందుచేతనే ఆ యాత్రాచరిత్రను నేటికిని చదువుచున్నాము.

చిన్ననాడు మేము నంద్యాలనుండి అహోబిలమునకు గూడుబండిలో పోయితిమి. ఆళ్లగడ్డ దాపున ఎద్దులు అలసి నిలిచినవి. పరిచయములేని రైతుతల్లి యొకతె ముందు వానికి కుడితి పెట్టి, పిమ్మట మాకు మజ్జిగ పోసి, “మీదే ఊరు నాయనా?” అని యడిగెను.