రాతిరథం ముందు

హంపీ చూడబోయే పాఠకులకు ముందుగా ఒక మాట. గైడుతోను, ఫోటోలు తీసే కుర్రవాడితోను బేరం నీడపట్టునే కుదుర్చుకోవాలి. ఎండలోకి దిగాక వారు చెప్పిందే ధర. మేము ఆ జాగ్రత్త పడక, మొన్న దసరా సెలవులలో విఠలాలయం ముందు ఇద్దరినీ ఒకేసారి తగిలించుకొన్నాము.

గైడు మంచివాడే. మేము తెలుగువాళ్లమని తెలియగానే కన్నడం మాని తెనాలి రామకృష్ణుని కథలు ఎత్తుకొన్నాడు. రాయలు మనవాడా, వాళ్లవాడా అని పిల్లలడిగితే, "ఎవరు వస్తే వారివాడు" అని నవ్వేశాడు. సంగతి అంత తేలికది కాదు. ఆముక్తమాల్యదలో, తెలుగున కావ్యం చెప్పమని అడిగిన ఆంధ్రవిష్ణువే రాయలను కన్నడరాయా అని పిలుస్తాడు. ఈ గడ్డమీద పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇది చెప్పి ఉంచవలసిన మాట.

ఫోటో కుర్రవాడి ధ్యాసంతా యాభై రూపాయల నోటుమీద. 2017లో వచ్చిన నోటుమీద ఈ రథం బొమ్మ ఉంది గదా, అది చేతపట్టుకొని నిలబడమంటాడు. మమ్మల్నందరినీ రథానికి వీపు పెట్టి వరుసగా నిలబెట్టాడు. మా అమ్మగారు మాత్రం అటు తిరిగి చేతులు జోడించారు. "అమ్మా, ఇటు చూడండి" అని మూడుసార్లు పిలిచాడు. ఆవిడ తిరగలేదు. అవతల జనం కాచుకొని ఉన్నారు, ఎండ మాడ్చేస్తోంది. పదిమందిలో విసుక్కొన్నాము. "రాతిబండికి దండమేమిటమ్మా!" అని నోరు కూడా జారాము.

"బండేమిట్రా? స్వామికెదురుగా ఉన్నది గరుత్మంతుడి గుడి కాదూ?" అన్నారావిడ, తిరగకుండానే.

గైడు వంక చూశాము. అవునన్నాడు. చక్రాలు, ఏనుగులు, నోటు అన్నీ చెప్పినవాడు ఆ ఒక్కమాట చెప్పలేదు. లోపల ఇప్పుడు గరుత్మంతుడు లేడు. ఎదుట గర్భగుడిలో విఠలుడూ లేడు. 1565 యుద్ధం తర్వాత ఊరే పాడుపడింది. ఒకప్పుడు ఈ రథంపైన ఇటుక శిఖరం ఉండేది. 1856లో గ్రీన్‌లా అనే దొర తీసిన ఫోటోలో అది కనబడుతుంది. తర్వాత దానినీ తీసివేశారు.

ఫోటో చెడిపోయింది, మళ్లీ తీస్తానన్నాడు కుర్రవాడు. రెండోసారి అమ్మగారు బుద్ధిగా ఇటు తిరిగి, నోటు కూడా పట్టుకొన్నారు. రెండింటికీ డబ్బిచ్చాము. ఇంట్లో అందరూ రెండోదే బాగుందంటారు. మా రాతబల్లమీద మొదటిది ఉంది: ఎనిమిది మొగాలు ఇటు, ఒక తెల్లని జుట్టుముడి అటు.