ఎవరి రక్తంతో ఎవరి జాతకం?

కాస్త ఉమ్మి గొట్టంలో పట్టి కొరియర్ చేస్తే చాలు, షుగర్, గుండెజబ్బు, ఊబకాయం మీకు వచ్చే అవకాశమెంతో చెబుతామనే జన్యుపరీక్షల వ్యాపారం మన నగరాల్లో పుంజుకుంటోంది. సాధారణ వ్యాధులకు ఇచ్చే ఈ ‘రిస్క్ స్కోరు’ను భారతీయుల మీద సరిచూసి, ఫలితాన్ని బహిరంగపరిచేదాకా అమ్మనివ్వకూడదు. ఇంత గట్టిగా అనడానికి ఆధారాలు ఆ శాస్త్రంలోనే ఉన్నాయి.

జబ్బున్నవారి, లేనివారి జన్యుక్రమాలను లక్షలాది చోట్ల పోల్చి, ఏ తేడా రోగుల్లో ఎక్కువగా కనబడుతోందో లెక్కగట్టడం ఈ స్కోరుకు పునాదైన జన్యు అధ్యయనాల పద్ధతి. 2007లో బ్రిటన్‌లో ఏడు వ్యాధులకు చెందిన 14,000 మంది రోగులను 3,000 మంది ఇతరులతో పోల్చిన పరిశోధన దీనికి ఊపునిచ్చింది. ఒక్కో తేడా ప్రభావం అత్యల్పం. వందలు, వేలు కూడితేగాని స్కోరు తయారవదు. పైగా పట్టుబడిన తేడా చాలాసార్లు అసలు కారణం కాదు, దాని పొరుగున ఉన్న గుర్తు. ఆ పొరుగు అన్ని జనసమూహాల్లో ఒకేలా ఉండదు. 2016 నాటి లెక్క ప్రకారం ఈ అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 81 శాతం ఐరోపా సంతతివారే. దీని పర్యవసానం ఎత్తు విషయంలో బయటపడింది. 54 లక్షల మందిని పరిశీలించి 2022లో వెలువరించిన అధ్యయనం 12 వేలకు పైగా తేడాలను గుర్తించింది. వాటితో ఐరోపా సంతతివారి ఎత్తుల్లోని హెచ్చుతగ్గులకు 40 శాతం దాకా లెక్క కుదిరింది. మిగతావారిలో సుమారు 10 నుంచి 20 శాతమే. టేపుతో కొలిచే ఎత్తు సంగతే ఇలా ఉంటే తిండి, పని, నిద్ర, డబ్బు అన్నీ కలగలిసిన మధుమేహం మాటేమిటి?

మనుషులందరి శరీరధర్మం ఒక్కటే, అక్కడ తేలింది ఇక్కడ చెల్లదా అనే వాదనలో పస లేకపోలేదు. ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు 2006లో మధుమేహంతో ముడిపెట్టిన టీసీఎఫ్‌7ఎల్‌2 జన్యువు, మరుసటి ఏడాది హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ పరిశీలనలో భారతీయుల్లోనూ నిలబడింది. సరిచూశాకే కదా ఆ సంగతి తెలిసింది! గుండె కండరాన్ని బలహీనపరిచే ఎంవైబీపీసీ3 లోపం దక్షిణాసియావాసుల్లో సుమారు 4 శాతం మందికి ఉందని సీసీఎంబీ తదితర సంస్థలు 2009లో వెల్లడించాయి. ఐరోపా రక్తనమూనాలు ఎన్ని పోగేసినా అది కంటపడేది కాదు. ముందే తెలిస్తే మనిషి జాగ్రత్తపడతాడంటారు. తక్కువ స్కోరు చూసుకుని మామూలు షుగర్ పరీక్ష మానేసేవాడి నష్టానికి జవాబు ఎవరిది? ఆంక్ష పెడితే పనికొచ్చే పరీక్షలూ ఆగుతాయన్న భయం అక్కర్లేదు. వైశ్యుల్లో ఎక్కువగా కనిపించే ఒక ఎంజైము లోపం ఉన్నవారికి మత్తుతోపాటు ఇచ్చే కండర సడలింపు మందు ప్రభావం గంటల తరబడి వదలదు. ఇలాంటి ఏకజన్యు పరీక్షల ఆధారం వేరు, బలం వేరు, వాటిని కొనసాగించాల్సిందే.

2020లో మొదలైన ప్రభుత్వ జన్యు పరిశోధన ప్రాజెక్టు జీనోమ్ ఇండియా దాదాపు 10 వేల మంది జన్యుక్రమాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. మంచి పనే, కానీ అవి ప్రధానంగా ఆరోగ్యవంతులవి. రోగులవి కూడా కావాలంటే ప్రభుత్వాసుపత్రుల రికార్డులను సమ్మతితో, గోప్యతతో జోడించాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం జన్యు సమాచారానికి ప్రత్యేక రక్షణ ఇవ్వలేదు. ముందు ఆ లోటు పూడ్చాలి. ఈలోగా, ఎంతమంది భారతీయుల మీద, ఏయే సమూహాల్లో స్కోరును సరిచూశారో నివేదిక తొలి పేజీలోనే అచ్చువేయాలని కేంద్రం ఆదేశించాలి. చూపలేని కంపెనీల అమ్మకాలను ఆపించాలి.