రచ్చబండ: ఏమీ జరగలేదంటారేమిటి?

పొన్నేరి చుట్టుపట్ల సైకిలు ఎరగని ఇల్లు లేదు. పాలు పోసి రావాలన్నా, చేనికి నీళ్ళు కట్టి రావాలన్నా, పొద్దున్నే మద్రాసు రైలు అందుకోవాలన్నా మన తరానికి అదే దిక్కు. హెర్క్యులిస్, బి.ఎస్.ఎ. సైకిళ్ళు చేసిన టి.ఐ. సైకిల్స్ కంపెనీ 1949లో మొదలైంది కూడా మన పక్కనున్న అంబత్తూరులోనే. సైకిలుతో ఇంత చుట్టరికం ఉన్నా, సైకిలు పందెం కూర్చుని చూడడం మాత్రం మనకు కొత్త. ఇప్పుడు మన పిల్లలు యూరపులో జరిగే పందేలను సెల్‌ఫోన్లో చూస్తున్నారు. చూసి ఊరుకుంటారా? నలుగురు కలిస్తే చాలు, ‘పందెం రక్తి కట్టిందా, చప్పగా ఉందా’ అని వాదులాట. ఈసారి రచ్చబండ మీదికి ఆ తగువునే తెచ్చాను.

వారాల తరబడి సాగే పందేలు కొన్ని, ఒక్కరోజులో తేలిపోయేవి కొన్ని. ఒక్కరోజు పందేలలో పేరుమోసినది ఇటలీలోని మిలాన్–సాన్ రెమో. 1907లో మొదలైంది. దూరం 300 కిలోమీటర్లకు అటూ ఇటూ. తగువంతా దీని దగ్గరే పుడుతుంది. ఎందుకంటే మొదటి ఐదారు గంటలు గుంపు గుంపంతా కలిసి పోతూనే ఉంటుంది. గెలుపు తేలేది చాలాసార్లు చివరి పావుగంటలో.

2025 మార్చి 22న జరిగిన పందెం గురించి మా బంధువర్గంలో ఒక పెద్దాయనకు, ఆయన మేనల్లుడికి జరిగిన సంవాదం వినండి.

“ఏంరా అబ్బాయ్, మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నాను. ఓ కునుకు తీసి లేచాను, కాఫీ తాగాను, సంధ్యాదీపం కూడా పెట్టారు. వాళ్ళింకా తొక్కుతూనే ఉన్నారు. ఏమీ జరగలేదు గదరా!”

“మీరు లేచిపోయాకే మామయ్యా అసలు కథ. చిప్రెస్సా గుట్ట మీద స్లొవేనియా వాడు పోగాచర్ గుంపును వదిలి దూకాడు. వాడి వెంట నిలబడింది ఇద్దరే. నెదర్లాండ్స్ వాడు వాన్ డెర్ పూల్, ఇటలీ వాడు గన్నా. ఆ తరువాత పొజ్జో గుట్ట మీద గన్నా వెనకబడ్డాడు. అయిపోయిందనుకుంటే మళ్ళీ వచ్చి కలిశాడు. చివరి వీధిలో ముగ్గురూ పోటాపోటీ. వాన్ డెర్ పూల్ మొదట, గన్నా తరువాత, అంత కష్టపడిన పోగాచర్ మూడో స్థానం!”

“అయితే ఆ చివరి ముక్క మాత్రం చూపిస్తే సరిపోయె గదా?”

ఇదీ ప్రశ్న. ఇది మన పెద్దాయనకు ఒక్కడికే తట్టింది కాదు. ఆ పందెం జరిపేవాళ్ళకూ తట్టింది. ఎప్పుడు చూసినా గుంపంతా కలిసి వచ్చి చివరి వీధిలో తేల్చుకుంటోందని 1960లో పొజ్జో గుట్టను దారిలో కలిపారు. అదీ చాలక 1982లో చిప్రెస్సాను చేర్చారు. చప్పగా ఉందన్న సణుగుడు దారినే మార్చేసిందన్న మాట.

కానీ ఆ ముందరి గంటలలో నిజంగా ఏమీ జరగదా? మధ్యాహ్నం పూట పొన్నేరి నుంచి పళవేర్కాడుకు సైకిలు తొక్కినవారిని అడగండి. సముద్రపు గాలి ఎదురు కొడుతుంటే పెడలు కదలదు. అదే ముందు ఒక ఎడ్లబండి పోతూ ఉందనుకోండి, దాని చాటున చేరితే ప్రాణం లేచి వస్తుంది. పందెంలోనూ అదే సూత్రం. ముందువాడి వెనక దాక్కుని తొక్కేవాడికి శ్రమ ఇంచుమించు మూడో వంతు తగ్గుతుంది. అంచేత ప్రతి జట్టులోనూ కొందరు తమ నాయకుణ్ణి వెనక దాచుకుని గంటల తరబడి గాలిని తాము కాస్తారు. చివరి గుట్ట వచ్చేసరికి వీళ్ళ కాళ్ళలో సత్తువ ఉండదు, పక్కకు తప్పుకుంటారు. ఫలితాల పట్టికలో వీళ్ళ పేర్లు ఎక్కడో అడుగున ఉంటాయి. పెళ్ళింట్లో తెల్లవార్లూ పొయ్యి దగ్గర నిలబడ్డవాడు ఫోటోలో కనబడతాడా? అలాగని వంట జరగలేదంటామా?

ఇంకో సంగతి. ఆ 250 కిలోమీటర్ల అలసట లేకపోతే పొజ్జో పెద్ద గుట్టే కాదు. పొడవు నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు, ఎత్తూ తక్కువే. పొద్దుటినుంచి తొక్కిన కాళ్ళకే అది కొండ. మన చెపాకంలో 1986 సెప్టెంబరులో ఇండియా, ఆస్ట్రేలియాల టెస్టు మ్యాచి గుర్తుందా? నాలుగు రోజులు ఇది డ్రా తప్ప మరేమీ కాదన్నవారే ఎక్కువ. ఐదో రోజు 348 పరుగులు చేయవలసిన మనవాళ్ళు 347 దగ్గర, ఇంకొక్క బంతి మిగిలి ఉండగా ఆలౌటయ్యారు. టై! ఆ నాలుగు రోజుల ఎండను తీసేసి ఆఖరి ఓవరు ఒక్కటే చూపిస్తే అందులో ఏముంటుంది?

ఇంతవరకు మేనల్లుడి పక్షం. కానీ ఎదుటి పక్షానికీ బలం ఉంది. ఈమధ్య కొన్ని పందేలు చివరిదాకా ఆగడంలేదు, సగంలోనే తేలిపోతున్నాయి. ఇటలీలోనే జరిగే స్ట్రాదె బియాంకె పందెంలో 2024లో పోగాచర్ 81 కిలోమీటర్లు ఉండగానే విడిపోయి ఒంటరిగా గెలిచాడు. అదే సంవత్సరం జూరిక్‌లో ప్రపంచ పోటీలో ఇంకా 100 కిలోమీటర్లు ఉండగా దూకాడు. 2025లో రువాండాలోని కిగాలీలోనూ దాదాపు అలాగే చేసి గెలిచాడు. “గెలిచేదెవరో తెలిసిపోయాక మిగతాది ఊరేగింపే కదా పెదనాన్నా” అని కాలేజీలో చదివే అమ్మాయి ఒకతె పెదవి విరిచింది.

చిత్రమేమంటే, దీనికి జవాబు చెప్పింది మొదట ఆవలించిన ఆ పెద్దాయనే. “ధర్మరాజుల గుడి దగ్గర 18 రోజుల భారతం జరుగుతుంది కదమ్మా. చివరి రోజు దుర్యోధనుడు పడతాడని తెలియనివారున్నారా? అయినా ఆ మట్టి విగ్రహం చుట్టూ నిలబడడానికి చోటుండదు. మన ఊళ్ళో చిత్తిరై ఉత్సవంలో అగస్త్యేశ్వరుడూ కరికృష్ణ పెరుమాళ్ళూ ఎదురెదురుగా వస్తారనీ అందరికీ తెలుసు. అయినా జనం కాచుకుని ఉంటారా లేదా? ఏం జరుగుతుందో తెలిసినా, ఎలా జరుగుతుందో చూడాలని ఉంటుంది.”

మాట బాగుంది. అయినా నేను అమ్మాయి పక్షాన్ని పూర్తిగా తోసిపుచ్చను. ఉత్సవానికి భక్తి ప్రాణం, పందేనికి సందేహం ప్రాణం. సందేహం చచ్చిపోయిన పందెం ఉప్పులేని పప్పే. ఒకడి శక్తిని మెచ్చుకుంటూనే పందెం చప్పగా ఉందనడం తప్పు కాదు.

అయితే ‘రక్తి కట్టాలి, రక్తి కట్టాలి’ అని మనం అడిగే కొద్దీ ఆ బరువు ఎవరి మీద పడుతుందో కూడా ఆలోచించాలి. 1992లో మిలాన్–సాన్ రెమోలో అర్జెంటిన్ పొజ్జో మీద ముందుకు పోతే, ఐర్లండు వాడు షాన్ కెల్లీ దిగుడులో ప్రాణాలకు తెగించి మలుపులు తిరిగి అతణ్ణి అందుకుని గెలిచాడు. నేటికీ అభిమానులు కథగా చెప్పుకునే దిగుడది. అతని చక్రం జారి ఉంటే ఆ కథను ఎలా చెప్పుకునేవాళ్ళం?

జూరిక్ సంగతి చెప్పాను కదా. ఆ ఆదివారం పోగాచర్ గెలుపు బాగుందా లేదా అని లోకమంతా వాదించుకుంది. దానికి మూడు రోజుల ముందు, 2024 సెప్టెంబరు 26న, అక్కడే జూనియర్ బాలికల పందెంలో మురియల్ ఫురర్ అనే స్విస్ అమ్మాయి వానలో పడిపోయింది. తలకు దెబ్బ తగిలి మర్నాడు కన్నుమూసింది. వయసు 18. ఆ తలిదండ్రులను తలచుకుంటే ‘చప్పగా ఉంది’ అన్న మాట నోట రాదు. అంతకుముందు 2003లో పారిస్–నీస్ పందెంలో కజకిస్తాను వాడు ఆంద్రే కివిలెవ్ పడి చనిపోయాకే ఈ పందేలలో హెల్మెట్ తప్పనిసరి అయింది. హెల్మెట్ కావాలని తెలుసుకోవడానికి ఒక మనిషి పోవలసి వచ్చింది.

అందుచేత నా తీర్పు ఇది. పందెం బాగుందా లేదా అని హాయిగా వాదించుకోండి. చూసేవాడికి ఆ హక్కు ఉంది. దారిలో గుట్టలు కలపమని అడగండి, బలాబలాలు సమంగా ఉండాలని కోరండి. మలుపులు ప్రమాదంగా ఉంటే బాగుండునని మాత్రం కోరకండి. పక్కింటి కుర్రాళ్ళు పందెం చూసిన హుషారులో జి.ఎన్.టి. రోడ్డు మీద లారీల మధ్య సైకిళ్ళతో బయలుదేరితే, ముందు తలకు హెల్మెట్ పెట్టించండి.

ఇంతమంది బయలుదేరి, ఎవరూ పడకుండా, రాత్రికి అందరూ తమతమ వాళ్ళతో ఫోనులో మాట్లాడుకున్నారంటే ఆ రోజు ఏమీ జరగలేదని పెదవి విరవడం దేనికి? సైకిలు మీద బడికి పోయిన పిల్లవాడు సాయంత్రం వచ్చి గోడకు సైకిలు చేర్చగానే “ఏంరా విశేషాలు?” అంటాం. “ఏమీ లేవు” అంటాడు. ఆ మాటతోనే కదా మన ఇళ్ళల్లో సాయంత్రం కాఫీ రుచిగా ఉంటున్నది!