నీ రోష్నీ, నా అంధేరా

మన షహర్‌ల ఒక కొత్త మర్జ్ పుట్టింది. బండి కొని నెల తిరక్కముందే పోరగాళ్లు హెడ్‌లైట్ల బల్బు పీకి పారేస్తున్నరు. కంపెనీ పెట్టిన పసుపు బల్బు వాళ్ల కండ్లకు బీమార్ మనిషి లెక్క కనపడ్తది. దాని జాగల తెల్లటి ఎల్‌ఈడీ. అది చాలకపోతే హ్యాండిల్ కింద రెండు ఫాగ్ లైట్లు. అదీ చాలకపోతే టపటప కొట్టుకునే ఫ్లాషర్. రాణిగంజ్ పోండ్రి, పుత్లీబౌలి పోండ్రి, దుకాణాల గాజు అల్మారీల నిండ అవే డబ్బాలు. డబ్బా మీద లూమెన్లు, సున్నా పక్కన సున్నా. "రాత్ కు దిన్ బనా దేతా భాయ్" అంటడు దుకాణందారు.

ఎవరి రాత్‌ను ఎవరికి దిన్ చేస్తున్నవ్ భాయ్? నా సవాల్ అదొక్కటే.

నేను అఖ్బార్ మనిషిని. నైట్ డెస్క్ నౌకరీ అంటే పేజీలు పంపి ఇంటికి బయలెల్లేసరికి ఒంటిగంట, ఒక్కోసారి రెండు. ఇన్నేండ్ల సంది ఆ యాళ్లకు బండి మీద తిరిగినోన్ని గాబట్టి ఈ ముచ్చట మీద మాట్లాడే హఖ్ నాకుందనుకుంట. ఎదురుంగ ఆ తెల్ల లైట్ ఎక్కిన బండి వస్తే ఏమైతదో ఎరికేనా? రోడ్డు మాయమైతది. డివైడర్ లేదు, గుంత లేదు, అడ్డమొచ్చే కుక్క లేదు, రోడ్డు దాటుతున్న ముసలామె లేదు. ఒక తెల్ల మచ్చ మాత్రం ఉంటది. ఆ బండి పక్కనుంచి పోయినంక కూడ మచ్చ కండ్లల్లనే ఉంటది. గంటకు అరవై కిలోమీటర్ల స్పీడంటే సెకనుకు 16 మీటర్ల పైన. మూడు సెకన్లు కండ్లు పనిచెయ్యకపోతే యాభై మీటర్లు. ఆ యాభై మీటర్లు మనిషి బండి నడపడు, దువా మీద పోతడు.

కంటి పాప వెలుతురు పడంగనే క్షణంల ముడుచుకుంటది. మళ్ల చీకటికి అలవాటు పడనీకి మాత్రం నిమిషాలు కావాలె. పోరగాళ్ల కండ్లు జెల్దీ తేరుకుంటయి. నలభై దాటినోళ్లకు ఆలస్యం. మోతిబిందు మొదలైన కంట్లనైతే వెలుతురు చెదిరిపోయి మొత్తం పొగ లెక్క పరుచుకుంటది. అంటే ఈ లైట్ల దెబ్బ అందరికీ ఒక్క తీరుగ తగలది. సైకిల్ మీద పోయే వాచ్‌మెన్‌కు, ఎక్సెల్ మీద కూరగాయల గంప కట్టుకొని మోండాకు పొయ్యే పెద్దమనిషికి ఎక్కువ తగుల్తది. ఏసీ కారోనికి అద్దం ఉంది, సీట్ బెల్టుంది, ఎయిర్ బ్యాగుంది. గరీబోనికి కండ్లే ఉన్నయి. అవి గూడ గుంజుకుంటున్నరు.

ఇప్పుడు అవతలోళ్ల దలీల్ కూడ ఇనాలె. బేఇన్సాఫీ చెయ్యొద్దు. "రోడ్ల మీద లైట్లు లేవు, కంపెనీ ఇచ్చిన లైట్‌ల ఏం కనపడదు, మేం చావాల్నా?" అంటరు. వంద శాతం నిజం. చౌటుప్పల్ దాటి హైవే దిగి ఏ ఊరి బాట పట్టినా గుప్ అంధేరా. రాత్రి రెండు గంటల దాక ఖానా డబ్బాలు మోసే డెలివరీ పోరనికి గల్లీల గుంతలు కనపడాలె గదా. వాన్ని నేనేమంట?

అందుకే అసలు ఖసూర్ కాడికి పోదాం. మన దేశంల కమ్యూటర్ బండ్లకు ఏండ్లకేండ్లు పెట్టిన బల్బు 35/35 వాట్ల హాలోజన్. డిమ్‌ల అది ఇచ్చేది దగ్గర దగ్గర 525 లూమెన్లు. కారుకు పెట్టే హెచ్4 బల్బు డిమ్‌ల వెయ్యి ఇస్తది, పైగ కారుకు అసొంటివి రెండు. రాస్తా ఒక్కటే, అంధేరా ఒక్కటే. కారోనికి రెండు వేలు, బండోనికి ఐదొందల చిల్లర! అదే కంపెనీలు మహంగ బండ్లకు మంచి ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లు పెడ్తయి. అంటే చెయ్యరాక కాదు, గరీబోని బండికి చెయ్యబుద్ధి గాక. యాడ్‌ల మైలేజీ లెక్క చెప్తరు, లైట్ ఎంత దూరం పడ్తదో ఒక్కడన్న చెప్పిండా? సర్కార్ 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకు పొద్దుమాపు హెడ్‌లైట్ ఎలగాలని రూల్ తెచ్చింది. మంచిదే, పెద్ద బండ్లోళ్లకు మనం కనపడాలని. మనకు రోడ్డు కనపడాల్నని ఎవరికన్న ఫికర్ ఉందా? నాకైతే కనపడలె.

అయితే కంపెనీ చేసిన నాఇన్సాఫీకి బదులు ఎదుటోని కండ్ల మీద తీర్చుకునుడు ఎక్కడి ఇన్సాఫ్? నా లడాయి ఇక్కడ.

లైట్ అంటే బల్బు అనుకుంటున్నరు మనోళ్లు. కాదు. బల్బు, దాని ఎనక అద్దం, రెండూ కలిసి చేసే కాపురం అది. మా ఉర్దూ మీడియం స్కూల్ల సైన్స్ సార్ దీన్ని ఇన్‌ఇకాస్ అనేటోడు. డిగ్రీకి పోయినంక దోస్తులు పరావర్తనం అన్నరు. మెకానిక్ సీదా రిఫ్లెక్టర్ అంటడు. పేరేదైనా పని ఒక్కటే. మీ పాత హాలోజన్ బల్బును చేతుల పట్టుకొని చూడుండ్రి (గాజును ముట్టుకోకుండ్రి, చేతి జిడ్డు అంటితే జెల్దీ పేల్తది). లోపల రెండు తీగలుంటయి. డిమ్‌కు ఎలిగే తీగ కింద చిన్న గిన్నె అసొంటి రేకుంటది. ఆ తీగ వెలుతురు అద్దం పై సగానికి తగిలితే కిందికి, రోడ్డు మీదికి పోతది. కింది సగానికి తగిలితే పైకి, ఎదుటోని మొఖం మీదికి లేస్తది. గిన్నె రేకు ఆ కింది సగానికి వెలుతురు పోనియ్యదు. గోరంత రేకు! హెడ్‌లైట్‌కు ఉన్న అదబ్ అంతా దాంట్లనే ఉంది.

ఎల్‌ఈడీ బల్బుల తీగ ఉండది. పలక మీద రెండు పక్కల చిప్పులు అతికి ఉంటయి. తీగ ఉండాల్సిన జాగల చిప్పు కరెక్టుగ కూసోవాలె, ఒక మిల్లీమీటర్ అటిటు జరిగినా అద్దం లెక్క తప్పుతది. కొన్నిట్ల ఆ రేకును నఖల్ కొట్టినట్టు చేస్తరు, పని మాత్రం నఖల్ తీరుగనే ఉంటది. వెలుతురు చెట్ల మీద పడ్తది, బోర్డుల మీద పడ్తది, మన మొఖాల మీద పడ్తది. ఎనక చల్లార్చే ఫ్యాన్ ఉంటది గాబట్టి రబ్బరు మూత పట్టదు. మిస్త్రీ దాన్ని తీసి అవతల పారేస్తడు. మొదటి వానకాలంలనే దుమ్ము, నీళ్లు లోపలికి పోయి అద్దం కలాయి నల్లవడ్తది. ఇంకో రకం షౌఖీన్లుంటరు, ఎల్‌ఈడీ గాదు, వంద వాట్ల హాలోజనే పెట్టిస్తరు. 35 వాట్ల బల్బు గుంజేది మూడు ఆంపియర్ల లోపే. వంద వాట్లదైతే ఎనిమిది దాటుతది. సన్న వైర్లు, ప్లాస్టిక్ హోల్డర్ ఎన్ని రోజులు మోస్తయి? కరిగిన హోల్డర్లు ఏ మెకానిక్‌ను అడిగినా చూపిస్తడు.

తమాషా ఏందంటే, పెట్టిచ్చుకున్నోనికి గూడ ఫాయిదా తక్కువ. ఆ తెల్ల వెలుతురు చాలా మటుకు టైరు ముందల పది పదిహేను మీటర్ల మీదనే కుమ్మరిస్తది. దగ్గరంతా పాల లెక్క తెల్లగ కనపడేసరికి వాని కంటిపాప గూడ ముడుచుకుంటది, దూరం ఇంకింత చీకటైతది. వాడు దగ్గరి చమక్ చూసి దూరం కనపడ్తుందనుకుంటడు. మబ్బు పట్టిన తెల్లారుజామున, పొగమంచుల అయితే ఆ తెలుపంత తిరిగి వాని మొఖం మీదికే వస్తది.

ఎల్‌ఈడీ అంటేనే హరామ్ అంటలేను. జర్మనీల 2020ల హాలోజన్ జాగల పెట్టే ఎల్‌ఈడీ బల్బుకు ఇజాజత్ ఇచ్చిండ్రు. కాని ఎట్ల? ఏ మోడల్ బండి ఏ లైట్‌ల పెట్టి టెస్ట్ చేసిండ్రో ఆ మోడల్‌కే. లిస్ట్‌ల లేని బండికి పెడ్తే గలత్. మన కాడ టెస్ట్ ఎవరు చేస్తున్నరు? దుకాణం షట్టర్ మీదికి కొట్టి చూసి "మస్తుంది భాయ్" అనుడే టెస్ట్.

ఖానూన్ లేదా అంటే, ఉంది. మోటారు వాహనాల రూల్స్‌ల 106వ రూల్ ఏమంటదంటే, ముందటి లైట్ కిందికి వంగి ఉండాలె. లైట్‌కు ఎనిమిది మీటర్ల దూరంల, కుడి పక్క అర మీటర్ జరిగి, నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉన్న మనిషి కండ్లు చెదరొద్దు. ఎంత సాఫ్‌గ రాసిండ్రో చూడుండ్రి. రాసిన బాబు ఎవరో గాని ఎదుటోని కండ్ల ఎత్తు కొలిచి రాసిండు. 2019ల చట్టం మార్చి 182ఏ సెక్షన్ పెట్టిండ్రు. ఇజాజత్ లేని మార్పు ఒక్కోదానికి ఐదు వేల జుర్మానా, లేదా ఆరు నెలల దాక జైలు, లేదా రెండూ. అమలు సంగతి మీకు నేను చెప్పాల్నా? సైలెన్సర్లు పీకి వరసగ పేర్చి వాటి మీద రోడ్ రోలర్ ఎక్కిస్తరు, మేం ఫొటో ఏస్తం. సప్పుడు సాబ్‌ల బంగ్లాల దాక ఇనపడ్తది. లైట్ రోడ్డు మీద ఉన్నోనికే తగుల్తది. పైగ చెకింగ్ జరిగేది ఆగిన బండికి, లైట్ జుల్మ్ చేసేది నడిచే బండి.

ఇంకోటి. 2022ల దేశంల రోడ్ల మీద 1,68,491 మంది పోయిండ్రని కేంద్రం లెక్క. వాళ్లల్ల నూటికి 44 మంది పైన టూవీలర్లోళ్లు, 19 మంది పైన నడిచేటోళ్లు. అదే రిపోర్టుల ఏ తప్పు వల్ల పోయిండ్రో గడులుంటయి. అతివేగం, తాగి నడుపుడు, రాంగ్ సైడ్, రెడ్ సిగ్నల్, సెల్ ఫోన్. ఆఖరుకు ఇతరాలు. కండ్లు చెదిరి పోయినోనికి గడి లేదు. డివైడర్‌కు గుద్దుకొని పడ్డోని మీద "అతివేగం, అజాగ్రత్త" అని రాస్తరు. నా డెస్క్‌కు వచ్చే వార్తల గూడ అదే ముక్క ఉంటది, రాత్రి పన్నెండు దాటినంక దాన్ని మార్చి రాయనీకి ఎవరి తాన సబూత్ ఉంటది? లైట్ కొట్టిన బండి అప్పటికి రెండు కిలోమీటర్లు దాటిపోయి ఉంటది. వానికి తన ఎనక ఏమైందో ఖబర్ గూడ ఉండదు. ఏ రెండు బండ్లూ తాకని ఖూన్ ఇది.

"ఎదుటోడు ఏస్తున్నడు గద, నేను ఏస్తే తప్పా?" ఇది ఆఖరి దలీల్. మా గల్లీ పోరడు నన్ను ఇదే అడిగిండు. పెద్ద కార్లు షోరూం నుంచే మొఖాల మీద కొట్టే లైట్లతోని వస్తున్నయి, అది నేను కాదనను. కాని వాని మీద గుస్సాతోని నువ్వు పెట్టిన లైట్ వానికి తగుల్తుందా? వాడు ఎత్తు మీద కూసుంటడు, రంగు అద్దం ఎనక. నీ లైట్ తగిలేది నీ లెక్క బండి మీద వచ్చేటోనికి. మా దాదా ఎడ్లబండి జమానా మనిషి. రాస్తాకు గూడ హఖ్ ఉంటదనేటోడు. ఎదురుంగ బండొస్తే లాల్టెన్‌ను చేత్తోని కమ్మేటోడంట.

మరి కనపడకపోతే ఏం చెయ్యాలె? చెయ్యొచ్చు. ముందు లైట్ గాజు కడుగుండ్రి, లోపల అద్దం కలాయి పోతే హెడ్‌లైట్ మార్చుండ్రి. అద్దం గుడ్డిదైతే ఏ బల్బు పెట్టినా దండగే. అదే వాట్ల మంచి కంపెనీ హాలోజన్ ఎయ్యుండ్రి. బ్యాటరీ మీద లైట్ ఎలిగే బండైతే మిస్త్రీతోని రిలే, ఫ్యూజ్ పెట్టించి బ్యాటరీ నుంచి సీదా మందపాటి వైరు గుంజిపియ్యుండ్రి. పాత స్విచ్చులల్ల, సన్న వైర్లల్ల వోల్టేజీ నూటికి పది తగ్గితే వెలుతురు నూటికి ముప్పై దాక పడిపోతది. ఆ ముప్పై మీ సొంతం, ఎవరి కండ్లు గుంజుకోకుంటనే వాపస్ వస్తది. పాత బండ్లల్ల హెడ్‌లైట్ బ్యాటరీ మీద గాదు, ఇంజన్ తిరిగితే పుట్టే ఏసీ కరెంటు మీద ఎలుగుతది. అందుకే గుంతల కాడ ఇంజన్ మెల్లగైతే లైట్ గూడ దీపమైతది. వాటికి ముందు డీసీ చేయించకుండ రిలే పెట్టిస్తే బ్యాటరీ ఖతం.

ఆ తర్వాత ఎత్తు సరిచేయించుండ్రి. మిస్త్రీ ఖాళీ బండికి సెట్ చేస్తడు. మనం ఎనక బేగం, ముందల బచ్చా, సంచుల బియ్యంతోని పోతం. ఎనక బరువు కూసుంటే ముందల లైట్ మీదికి లేస్తది. అందుకని రోజు ఎంత బరువుతోని తిరుగుతరో అంత బరువు కూసోబెట్టి, చీకటి గల్లీల డిమ్ ఏపిచ్చి, ఎనిమిది మీటర్లు ఎదురుంగ నడువుండ్రి. పెద్ద అడుగులైతే పదకొండు. లైట్ నుంచి కొంచెం కుడి పక్కకు జరిగి కండ్లు మీటరున్నర ఎత్తుకు వచ్చేటట్టు వంగి చూడుండ్రి. పిల్లలను నిలబెట్టకుండ్రి, మీరే నిలబడుండ్రి.