చల్లగా నడిపిస్తున్నవాళ్లకు పేరేది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట కోచింగ్ బోర్డులు చూడండి. జావా, పైథాన్, ఫుల్ స్టాక్, ఇప్పుడు ఏఐ. ‘డ్రైవర్’ అన్న మాట కనిపించిందా, అది కారు నేర్పే బడిదే! గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడు ఉరకాలో, ఎప్పుడు నెమ్మదించాలో క్షణక్షణం తేల్చే డ్రైవరు సాఫ్ట్‌వేరుకు ఇక్కడ జానెడు చోటు లేదు.

మే నెల ఎండలో చైతన్యపురి హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ సెగలు కక్కితే తిట్టేది దాన్నే. చల్లగా ఉన్నన్నాళ్లూ ఆ డ్రైవరును ఎవరైనా మెచ్చుకున్నారా? చిప్పు కరెంటు ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే, స్విచింగ్ ఖర్చులో దాదాపు ఐదో వంతు మిగులు. అందుకే పని తగ్గగానే వేగం, వోల్టేజీ కలిపి దించాలి. ఆట మొదలవగానే ఎత్తాలి. ల్యాప్‌టాప్‌లోని రెండో గ్రాఫిక్స్ కార్డుకు పనిలేకపోతే పూర్తిగా ఆపాలి. ఒక్క అంకె తప్పితే తెర నల్లబడుతుంది. ఇది కత్తి మీద సాము కాదా?

లైనక్స్‌లో ఏఎండీ రేడియాన్ కార్డులకు ఈ విద్య 2013లో 3.11 కెర్నల్‌తో వచ్చింది. ఎన్విడియా కార్డులకు నూవో డ్రైవరు రాసినవాళ్లు చిప్పుల గుట్టు ఒక్కొక్కటే శోధించి పట్టారు. వాళ్లకు దక్కిన బహుమానం? కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ లేనిదే వేగం మార్చనివ్వని తాళం! ట్యూరింగ్ తరం నుంచి వచ్చిన కార్డులకు 2023లో దారి దొరికింది. మన పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కునే పాత 1050, 1060 కార్డులు మాత్రం ఆ డ్రైవరు కింద ఇంకా కుంటుతూనే ఉన్నాయి. ఎవరైనా నిలదీశారా?

ఎల్‌బీ నగర్‌లో ఈసీఐఎల్ బస్సెక్కేవాళ్లలో ఎందరికి తెలుసు, ఆ పేరున్న సంస్థ ఎప్పుడో టీడీసీ-12 కంప్యూటర్లు తయారుచేసిందని? యంత్రాన్నే నిర్మించిన నగరం నేడు దాని లోపలికి తొంగిచూడటమే మానేసింది. కొవ్వూరులో పుట్టిన రాజా కోడూరి రేడియాన్ విభాగానికి అధిపతి అయితే మురిశాం, మంచిదే. ఆ చిప్పుల వేడిని అదుపులో ఉంచే కోడు రాసినవాళ్లలో ఒక్కరి పేరైనా అడిగామా? ఏఎండీకి ఈ నగరంలోనే కేంద్రం ఉంది కదా!

డేటా సెంటర్లకు ఎర్ర తివాచీ పరుస్తున్న పాలకులారా, అక్కడి కరెంటు బిల్లు తగ్గించే విద్యను ఏ కాలేజీలో నేర్పిస్తున్నారు? ఆపరేటింగ్ సిస్టమ్స్ అంటే షెడ్యూలింగ్, డెడ్‌లాక్ లెక్కలేనా? లైనక్స్ కెర్నల్‌లో ఏఎండీ కార్డుల పవర్ కోడుకు ‘పీఎం’ అని వేరే ఫోల్డరే ఉంది, పైసా ఖర్చు లేకుండా అందరికీ తెరిచి ఉంది. దాన్ని పిల్లల ముందు పెట్టడానికి ఏ జీవో అడ్డొచ్చింది?