వాట్లు పెరిగితే వినే వేళ తరుగుతుంది

మా నకిరేకల్‌లోనూ ఇప్పుడు కొత్త ఇళ్ల హాళ్లలో పెద్ద స్పీకర్లు వెలుస్తున్నాయి. అవి తగినంత గట్టిగా మోగకపోతే మరిన్ని వాట్ల ఆంప్లిఫయర్ కొనడమే మార్గమని చాలామంది నమ్మకం. నేను ఏకీభవించను.

వాట్లు రెట్టింపైతే పెరిగే ధ్వని 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతలుగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే 50 వాట్ల చోట 500 వాట్లు! దానికి బదులు, ఒక వాట్‌కు మీటరు దూరాన 84 డెసిబెల్స్ పలికే స్పీకరును మాని 90 పలికేదాన్ని ఎంచుకుంటే నాలుగో వంతు శక్తి చాలు. అలాగని చాలీచాలని ఆంప్లిఫయర్‌ను చివరిదాకా తిప్పడమూ తగదు. ధ్వని తరంగాల శిఖరాలు తెగి పాట కర్ణకఠోరమవుతుంది, ట్వీటర్ కాలిపోవచ్చు.

ట్వీటర్ అంగట్లో దొరుకుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు నశిస్తే తిరిగి పుట్టవు. కార్మికుల కోసం అమెరికా నిపుణులు సూచించిన పరిమితి 85 డెసిబెల్స్ వద్ద రోజుకు 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వ్యవధి సగమవుతుంది. 100 వద్ద 15 నిమిషాలే. కనుక రెట్టింపు వాట్లను పూర్తిగా వాడుకున్న ప్రతిసారీ వినదగిన సమయం సగానికి పడిపోతున్నట్లే.

పాట ఆగాక చెవుల్లో గుయ్‌మనే మోత మిగిలితే ఆ స్థాయి మీకు ఎక్కువైనట్టు. మోత మరునాటికీ తగ్గకపోతే చెవి వైద్యునికి చూపించుకోండి.